వేలిముద్రా మనదే, తప్పూ మనదేనా?

బ్యాంకులో డబ్బు పోయిందని ఏడుస్తూ స్టేషనుకెళ్ళిన మన మనిషికి అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న "దొంగ ఎవడు?" అని కాదు. "ఓటీపీ ఎందుకు చెప్పావు?" అని. అక్కణ్ణించి బ్యాంకుకి పొమ్మంటారు. బ్యాంకులో "మాకేం సంబంధం, స్టేషనుకెళ్ళు" అంటారు. ఇంటికొస్తే మొగుడు తిడతాడు, లేకపోతే కొడుకు తిడతాడు. మూడు చోట్ల తిట్లు తిన్న మనిషి నాలుగో చోటికి పోదు. నోరు మూసుకుంటుంది. దొంగకి కావలసింది సరిగ్గా అదే.

ఇంటికి కన్నం వేసి బిందెలెత్తుకుపోతే "మట్టిగోడ కట్టుకున్నావు కాబట్టి తప్పు నీదే" అని ఎవరూ అనరు. ఫోను దగ్గరికొచ్చేసరికి దొంగని వదిలేసి, పోగొట్టుకున్నవాడికి పాఠం చెప్పడం అందరికీ అలవాటైపోయింది. ఆ పాఠంలో వున్నవి రెండే మాటలు: అత్యాశ, అజ్ఞానం. గోడల మీద పోస్టర్లలో అవే, కాలేజీల్లో అవగాహన సదస్సుల్లో అవే. ఈ రెండు మాటల సంగతి తేలుద్దాం.

2024లో సైబరు మోసాల్లో దేశం మొత్తం మీద జనం పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. అంతకు ముందటేడు, అంటే 2023లో, అది 7,465 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడు రెట్లు. ఇంత డబ్బు పలాసలో జీడిపిక్కలు కొట్టేవాళ్ళ దగ్గర వుందా? కవిటి తోటల్లో కొబ్బరికాయలు వొలిచేవాళ్ళ దగ్గర వుందా? రిటైరైన పెద్ద అధికార్లు, డాక్టర్లు, ప్రొఫెసర్లు కోట్లకు కోట్లు పోగొట్టుకున్నారు. వీడియో కాల్లో ఖాకీ చొక్కావాడు కనపడి "నీ పేరు మీద వచ్చిన పార్శిల్లో మత్తుమందు దొరికింది, నువ్విప్పుడు డిజిటల్ అరెస్టులో వున్నావు, కెమెరా ముందునుంచి కదలకు" అంటే రోజుల తరబడి కదలకుండా కూర్చుని, డిపాజిట్లు రద్దు చేయించి మరీ పంపించారు. మన దేశంలో ఏ చట్టంలోనూ అలాంటి అరెస్టు లేదు. ఆ మాట ప్రధానమంత్రి అంతటివాడు 2024 అక్టోబరు 27న రేడియోలో చెప్పాల్సొచ్చింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది, డిసెంబరు 1న దర్యాప్తు సీబీఐకి అప్పగించింది.

మంచిదే. పోగొట్టుకున్నవాళ్ళని చూసి నవ్వే అలవాటు మనకి లేదు, వాళ్ళ డబ్బు వాళ్ళకి రావాలి. మనం అడిగేది ఒక్కటే. పెద్ద చదువులవాళ్ళు పోగొట్టుకుంటే అది 'పకడ్బందీ నేరం', 'మానసిక హింస'. మన పేటలో ముసలమ్మ పింఛను డబ్బులు పోగొట్టుకుంటే అది 'అజ్ఞానం'. వాళ్ళు లాభాలకి షేర్ల యాప్‌లో పెట్టి పోగొట్టుకుంటే 'పెట్టుబడి మోసం'. మన కుర్రాడు ఉద్యోగం కోసం కట్టి పోగొట్టుకుంటే 'అత్యాశ'. దొంగ ఒక్కడే, దొంగతనం ఒక్కటే, మాటలు మాత్రం రెండు. టీకొట్లలో రెండు గ్లాసులు పోయాయని చెప్పుకుంటున్నారు కదా, ఈ రెండు మాటలు ఏ గ్లాసుల్లోంచి వచ్చాయో చూసుకోండి.

అజ్ఞానమట! రూపాయి విలువ మీద 1923లోనే లండన్లో పుస్తకం అచ్చేసిన బాబాసాహెబ్ బిడ్డలం మనం. డబ్బు వ్యవహారం మనకి తెలీదంటే వొప్పుకునేదే లేదు. మనకి తెలియనివ్వకుండా చేసింది వేరే. ఆ సంగతికొస్తున్నాం.

ముందు అత్యాశ సంగతి. ఉద్దానంలో ఇంటికో కిడ్నీ రోగి వున్న వూళ్ళున్నాయి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ మండలాల్లో ఆ జబ్బు తెలియని మనిషి లేడు. డయాలసిస్ రోగికి నెలకి పదివేల పింఛను వస్తుంది. అలాంటి ఇంటికి ఫోనొస్తుంది. "సచివాలయం నుంచి మాట్లాడుతున్నాం, మీ పింఛను వెరిఫికేషన్లో ఆగిపోయింది, ఇప్పుడే ఆధార్ నంబరు, మీకొచ్చిన నంబరు చెప్పకపోతే వచ్చే నెల రాదు." చెప్పిన మనిషికి వున్నది ఆశా, భయమా? పదివేలు ఆగిపోతే వారానికి రెండుమూడుసార్లు పలాసో శ్రీకాకుళమో వెళ్ళడానికి ఆటో డబ్బులుండవు. మందులుండవు. దీన్ని అత్యాశ అనేవాడు ఒక్కసారి డయాలసిస్ మంచం పక్కన కూర్చుని ఆ మాట అనాలి.

పైగా ఆ ఫోను మాట ఎందుకు నమ్ముతారు? నిజంగానే ఆగిపోతాయి కాబట్టి! 2025లో వికలాంగుల పింఛన్ల మీద ప్రభుత్వం మళ్ళీ తనిఖీలు పెట్టింది, వేలమందికి నోటీసులిచ్చింది. ఈకేవైసీ కాలేదని రేషను ఆగినవాళ్ళు, ఆధార్ లింకు కాలేదని ఉపాధి కూలి పడనివాళ్ళు ప్రతి పేటలోనూ వున్నారు. "ఈరోజే చేయించుకో, లేకపోతే ఆగిపోద్ది." ఇది దొంగ కనిపెట్టిన మాట కాదు, సర్కారు మాట. ఏళ్ళ తరబడి ఆ భయం నాటింది ఆఫీసులు, కోత కోసుకుంటున్నది దొంగలు. సర్కారు భాష ఎంత బెదిరింపుగా వుంటే దొంగ పని అంత సులువు. ఈ మాట ఏ అవగాహన సదస్సులోనూ చెప్పరు.

వాట్సాప్ సంగతి కూడా అంతే. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో సేవల్ని వాట్సాప్‌లో పెట్టింది. సర్టిఫికెట్ కోసం తిరగక్కర్లేకపోతే మనకీ మంచిదే. కానీ సర్కారు వాట్సాప్‌లోకి వచ్చాక, వాట్సాప్‌లో వచ్చిందల్లా సర్కారుదే అని జనం అనుకోరా? పీఎం కిసాన్, తల్లికి వందనం, బ్యాంకు రివార్డు, ట్రాఫిక్ చలానా, ఏదో ఒక పేరుతో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర 'ఏపీకే' అని మూడక్షరాలుంటాయి. అది కాగితం కాదు, బొమ్మ కాదు, యాప్. నొక్కి లోపలికి రానిచ్చామంటే మన మెసేజీలన్నీ వాడు చదువుతాడు. ఓటీపీ మనం చెప్పక్కర్లేదు, వాడే చూసుకుంటాడు. అంతటితో ఆగదు. మన వాట్సాప్ నుంచే మన బావకీ, వదినకీ, సంఘం గ్రూపుకీ అదే ఫైలు పోతుంది. "మన సర్పంచి నంబరు నుంచే వచ్చింది కదా" అని వాళ్ళూ నొక్కుతారు. ఎవరి నంబరు నుంచి వచ్చినా సరే, ఏపీకే అని కనపడితే ముట్టుకోవద్దు. పొరపాటున నొక్కేస్తే వెంటనే నెట్టు కట్టేసి, సిమ్ము తీసేసి, వేరే ఫోనులోంచి బ్యాంకుకి చెప్పాలి. పింఛను ఇచ్చేది ఇంటికొచ్చే సచివాలయం సిబ్బంది. వాట్సాప్ ఫైలు నొక్కితే పింఛను పెరగదు, నొక్కకపోతే తరగదు.

ఇక వేలిముద్ర దగ్గరికొద్దాం. మన కథంతా అక్కడే వుంది.

మన తాతలు కంబారి పనికి కుదిరినప్పుడు షావుకారు నోటు రాసి వేలిముద్ర వేయించుకునేవాడు. నోట్లో యాభై రాశాడో అయిదొందలు రాశాడో తాతకి తెలీదు. కొడుకు కూడా ఆ అప్పు కిందే పనిచేశాడు. రాతగాళ్ళ చేతిలో చదువురాని రైతు ఎలా మునిగిపోతాడో ఫూలే 1883లోనే రాసిపెట్టాడు. అసలు తెల్ల సర్కారు కాగితం మీద చేతిముద్ర తీసుకోవడం మొదలుపెట్టిందే మన దేశంలో. 1858లో బెంగాల్లో హెర్షెల్ అనే తెల్ల అధికారి ఒక కాంట్రాక్టరు చేత కాగితం మీద అరచెయ్యి ముద్ర వేయించాడు, రేపు "ఈ సంతకం నాది కాదు" అనకుండా. అంటే మన మీద నమ్మకం లేక పుట్టింది ముద్ర. నూట అరవై ఏళ్ళు పోయాక ఇప్పుడు మన ముద్రే దొంగ చేతికి పోయింది, నమ్మరానివాళ్ళం మాత్రం ఇప్పటికీ మనమే!

ఎలా పోయిందో చెప్తాం. మన పేటల్లో చాలామందికి బ్యాంకంటే మినీ బ్యాంకే, వేలిముద్ర మెషీనే. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర, ఈ మూడూ వుంటే డబ్బొచ్చేస్తుంది. ఓటీపీ లేదు, పిన్ను లేదు, కార్డు లేదు. "ఓటీపీ చెప్పకుండా వుంటే చాలు" అని సదస్సుల్లో చెప్పే పాఠం ఇక్కడ పనికిరాదు. భూమి రిజిస్ట్రేషను కాగితాల మీద ఆధార్ నంబరూ, వేలిముద్రా రెండూ వుంటాయి. మన రాష్ట్ర రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులోంచి ఆ కాగితాలు దింపుకుని, వేలిముద్రల్ని సిలికానుతో అచ్చు తీసి, జనం ఖాతాల్లోంచి డబ్బు లాగిన ముఠాని 2022 నవంబరులో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. ఆ ఖాతాదార్లు ఎవరికైనా ఓటీపీ చెప్పారా? లేదు. ఎవరి ఫోనైనా ఎత్తారా? లేదు. సర్కారు అడిగిందని వేలిముద్ర వేశారు. అంతే. అత్యాశ ఎవరిది ఇక్కడ, అజ్ఞానం ఎవరిది?

పలాస, కాశీబుగ్గ ఆడవాళ్ళ కష్టం ఇంకొకటి. జీడిపిక్కల రసం అంటుకుని చేతుల తోలు మాడి వూడిపోతుంది. గీతలు చెరిగిపోతాయి. మెషీను మీద వేలు పెడితే పట్టదు. "పడ్నేదమ్మా, ఇంకోపాలి ఎట్టు." మళ్ళీ పెడుతుంది. "తుడిసి ఎట్టు, ఇంకో ఏలు ఎట్టు." నాలుగుసార్లు పెట్టించుకుని వెయ్యి రూపాయలు చేతిలో పెడతారు. నాలుగుసార్లలో ఎన్నిసార్లు పడిందో ఎవరికి తెలుసు? నిజంగా పట్టకపోవడం వుంది, పట్టినా పట్టలేదని చెప్పడమూ వుంది. అందరు మినీ బ్యాంకులవాళ్ళూ అలాంటివాళ్ళని మేం అనడం లేదు, ఎండలో మన వూరొచ్చి పనిచేసే మంచివాళ్ళున్నారు. కానీ మంచితనం మీద బ్యాంకు నడవకూడదు. పడినా పడకపోయినా ప్రతిసారీ మెషీను లోంచి చీటీ రావాలి. చీటీ చేతికి రాకుండా రెండోసారి వేలు పెట్టొద్దు. "సీటీ ఇస్తే గానీ ఎట్టను బాబూ" అని మన అక్కలు అడగడం మొదలుపెట్టిన చోట ఆ నాలుగుసార్ల వేడుక దానంతటదే తగ్గుతుంది. వేళ్ళు అరిగింది మన పాపం వల్ల కాదు, దేశమంతా తినే జీడిపప్పు వల్ల.

వేలిముద్రకి తాళం వేసుకునే వీలుంది. ఆధార్ వాళ్ళ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోవచ్చు, తెలియకపోతే 1947కి ఫోను చేసి అడగవచ్చు. అయితే వున్న మాట చెప్పాలి. తాళం వేస్తే పింఛను దగ్గర, రేషను దగ్గర కూడా వేలు పనిచెయ్యదు, అవసరమైనప్పుడల్లా తీసి మళ్ళీ వేసుకోవాలి. నెలనెలా వేలితో బతికే ముసలివాళ్ళకి అది తలనొప్పి. వాళ్ళు ఇంకో పని చెయ్యొచ్చు: వేలిముద్ర మీద డబ్బు తీసే సౌకర్యం నా ఖాతాకి ఆపెయ్యండి అని బ్యాంకుకి అర్జీ రాసి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. ఖాతాకి ఎవరి ఫోను నంబరు వుందో కూడా చూసుకోండి. ఎప్పుడో పారేసిన సిమ్ము నంబరో, బ్యాంకులో ఫారం నింపిపెట్టినవాడి నంబరో వుంటే డబ్బు పోయినట్టు మెసేజీ మనకి రానే రాదు. నెలకోసారి పాస్‌బుక్కు రాయించుకోవడం పాతకాలం పని అనుకోకండి.

అప్పు యాప్‌ల గురించి రాయాలంటే చెయ్యి వణుకుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద పడి కొబ్బరి, జీడి చెట్లని పీకి పారేసింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకొచ్చేసరికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళంతా తోటల్లో కూలి తగ్గిపోయిన ఇళ్ళలో పొయ్యి ఎలా వెలిగింది? అప్పుతో వెలిగింది. బ్యాంకు మెట్లెక్కితే ష్యూరిటీ అడుగుతారు. ఫోనులో అప్పు ఏమీ అడగదు, అయిదు నిమిషాల్లో పడుతుంది. మూడువేలు అని చెప్పి ఫీజుల పేరుతో కోసుకుని రెండువేలు చేతికిస్తారు. వారం తిరక్కుండానే మూడువేలూ కట్టమంటారు. కట్టకపోతే, కట్టినా ఇంకా వుందని చెప్పి, ఫోనులోంచి ఎత్తుకున్న ఆడవాళ్ళ ఫొటోలకి బట్టల్లేని వొళ్ళు అతికించి చుట్టాలందరికీ పంపిస్తారు. 2020 చివర్లో హైదరాబాదు చుట్టుపక్కల వరసగా చావులు. 2022 సెప్టెంబరులో రాజమండ్రిలో భార్యాభర్తలిద్దరూ. 2024 డిసెంబరులో విశాఖపట్నంలో పెళ్ళయి రెండు నెలలైనా కాని ఒక కుర్రాడు.

మన వాళ్ళకి ఇది కొత్త కాదు. వడ్డీ షావుకారు వీధిలో నిలబడి ఆడవాళ్ళ పేరెత్తి అరిచేవాడు. 2010లో మైక్రోఫైనాన్సు కంపెనీల వాళ్ళు గుంపుని ఇంటి ముందు కూర్చోబెట్టి పరువు తీశారు. ఎంతమంది చచ్చాక ఆ ఏడాది అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చిందో మనకి గుర్తుంది. ఇప్పుడు వీధి ఫోనులోకి మారింది. పరువే వాళ్ళ తాకట్టు వస్తువు. ఆ తాకట్టుని మనం చెల్లకుండా చెయ్యగలం, అది మన చేతిలోనే వుంది. ఎవరి ఇంటి ఆడపిల్ల ఫొటో అలా వచ్చినా, చూడగానే అది తయారుచేసిన బొమ్మ అని అందరికీ తెలియాలి, ఇంకొకరికి పంపకూడదు. పంపినవాడు మన పేటవాడే అయినా దొంగకి కూలిపని చేసినట్టే, చట్టం ముందు కూడా నేరమే. ఈ సంగతి పేట మొత్తం కూర్చుని ముందుగానే తీర్మానం చేసుకోవాలి, ఫొటో వచ్చాక కాదు. చట్టం సంగతంటారా, అప్పిచ్చే యాప్‌లు ఫోనులోని ఫొటోలూ నంబర్లూ ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే నిబంధన పెట్టింది. ఫొటోలు అడిగిందీ అంటే అది దొంగ యాప్, దాని 'బాకీ' తీర్చినా తీరదు.

ఇక మన కుర్రాళ్ళ విషయం. ఇది చదివి కొంతమందికి కోపం రావచ్చు. ఫోను అవతల వున్న దొంగ మన యాసలోనే మాట్లాడుతున్నాడే అని ఎప్పుడైనా ఆలోచించారా? ఉద్దానం కుర్రాళ్ళు వెల్డింగు, ఫిట్టరు పనులకి దేశాలు పట్టిపోవడం మనకి తెలిసిందే. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన సంగతి ఇది. కంప్యూటరు ముందు డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, తలకి లక్షన్నర దాకా పుచ్చుకుని, ఏజెంట్లు మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ళని కంబోడియా పంపించారు. అక్కడ చైనా ముఠాలకి డాలర్ల లెక్కన అమ్మేశారు. పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, మన దేశం వాళ్ళకే ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. చెయ్యనన్నవాళ్ళకి తిండి లేదు, దెబ్బలు. ఆ మే నెలలోనే సిహనౌక్‌విల్ అనే వూళ్ళో మూడొందల మంది దాకా భారతీయులు తిరగబడ్డారు. తర్వాత జట్లు జట్లుగా విశాఖకి తిరిగొచ్చారు. 2025 మార్చిలో మయన్మారు ముఠాల చెరలోంచి అయిదొందల మందికి పైగా భారతీయుల్ని రెండు విమానాల్లో తీసుకొచ్చారు. తాత షావుకారు నోటు మీద వేలిముద్ర వేసి కంబారి అయ్యాడు. మనవడు కంప్యూటరు నేర్చుకుని, సొంత డబ్బు లక్షన్నర ఎదురిచ్చి మరీ బానిస అయ్యాడు.

కాబట్టి దొంగ ఫోనుకి రెండు చివర్లున్నాయి. ఒక చివర పింఛను పోగొట్టుకునే అమ్మ, ఇంకో చివర కర్ర దెబ్బలకి భయపడి ఆ అమ్మని అబద్ధాలతో మాయచేసే కొడుకు. మధ్యలో లాభం ఎక్కడికి పోతుందో వాళ్ళిద్దరికీ తెలీదు. విదేశం పోయే తమ్ముళ్ళారా, మీ ఏజెంటుకి విదేశాంగ శాఖ లైసెన్సు వుందో లేదో ఈమైగ్రేట్ వెబ్‌సైటులో కనపడుతుంది, ముందు అది చూడండి. టూరిస్టు వీసా మీద వుద్యోగమన్నవాడు ఎంత దగ్గర చుట్టమైనా వాడి మాట వినొద్దు.

దేశం దాటకుండానే ఇరుక్కునే దారి ఇంకొకటుంది. "నీ ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ము నెలరోజులు నాకియ్యి, అయిదువేలిస్తాను, నీకేం కాదు." టెక్కలిలో, పలాసలో డిగ్రీ చదివి ఖాళీగా వున్న పిల్లలకి ఈ బేరం వస్తూనే వుంది. దోచిన డబ్బు ఆ ఖాతాలోంచి దాటుతుంది. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద వుంటే వాళ్ళ ఇంటికి. అసలువాడు దొరకడు, జైలుకెళ్ళేది అయిదువేలు తీసుకున్న మన పిల్లాడు. కేసుల్లో మన పేర్లు చేర్చడానికి ఎవరికీ పెద్ద సాక్ష్యం అక్కర్లేదని మనకి బాగా తెలుసు, ఇక సాక్ష్యం మనమే రాసిస్తే చెప్పేదేముంది. ఖాతా అద్దెకిచ్చేది కాదు. మన పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో సంచార్ సాథీ వెబ్‌సైటులో చూసుకోవచ్చు, మనవి కానివి మూయించొచ్చు.

డబ్బు పోతే ఏం చెయ్యాలి? ఏడ్చే ముందు 1930. ఈ అంకె ఇంట్లో గోడ మీద బొగ్గుతోనైనా రాసుకోండి. దేశం మొత్తానికి ఒకటే నంబరు, డబ్బులక్కర్లేదు. ఏ బ్యాంకు, ఎంత, ఏ టైముకి పోయింది, మెసేజీలో వున్న లావాదేవీ నంబరు, ఇవి చెప్పాలి. ఎంత తొందరగా చెప్తే డబ్బు ఇంకో ఖాతాలోకి దాటకుండా ఆగే వీలు అంత ఎక్కువ. రాత్రయినా, ఆదివారమైనా చెయ్యండి, తెల్లారనివ్వొద్దు. లైను కలవకపోతే చదువుకున్న పిల్లల చేత కేంద్రం వారి సైబర్‌క్రైమ్ వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టించండి. తర్వాత బ్యాంకు బ్రాంచికి రాతపూర్వకంగా ఫిర్యాదు, నకలు మీద ముద్ర.

అక్కడ బ్యాంకువాళ్ళు "తప్పు నీదే" అంటే, ఈ పత్రిక వాళ్ళ బల్ల మీద పెట్టండి. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ఏమంటోందంటే: ఖాతాదారు తప్పు లేకుండా మూడో మనిషి మోసంతో డబ్బు పోతే, మెసేజీ వచ్చాక మూడు పనిదినాల్లో చెప్పిన ఖాతాదారు ఒక్క పైసా నష్టపోనక్కర్లేదు. నాలుగు నుంచి ఏడు రోజుల్లో చెప్తే జీరో బ్యాలెన్సు ఖాతాకి అయిదువేలకి మించి, మామూలు పొదుపు ఖాతాకి పదివేలకి మించి నష్టం మన మీద వెయ్యకూడదు. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ సొమ్ము ఖాతాలో వెయ్యాలి, తర్వాత విచారించుకోవాలి. ఓటీపీ మనమే చెప్పి వుంటే చెప్పేవరకూ జరిగిన నష్టం మనదే, కానీ ఫిర్యాదు చేశాక పోయింది మాత్రం బ్యాంకుదే. అన్నిటికంటే ముఖ్యం, తప్పు ఖాతాదారుదని రుజువు చెయ్యాల్సిన బాధ్యత బ్యాంకు మీద వుంది. మన మీద లేదు! ఇంతకాలం ఎన్ని బ్రాంచీల్లో ఎంతమంది మన వాళ్ళని తలవంచుకుని బయటికి నడిపించారు? నెల రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు అన్యాయంగా వున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, 14448కి ఫోను చేసి ఎలా రాయాలో అడగొచ్చు.

స్టేషన్లో "ఇది మా పరిధి కాదు, శ్రీకాకుళం వెళ్ళు" అంటే కదలొద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో వున్న కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకుని నమోదు చెయ్యాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటే అదే. మందస నుంచి శ్రీకాకుళానికి రానూపోనూ ఒక రోజు కూలి పోతుంది, పోయిన డబ్బు మీద మళ్ళీ డబ్బు ఎందుకు పోగొట్టుకోవాలి? ఒంటరిగా వెళ్తే కసురుతారు. నలుగురు వెళ్ళండి, అందులో రాయగలిగినవాళ్ళు ఒకరుండాలి.

మనం అడగాల్సినవి పెద్దవేం కావు. ప్రతి మినీ బ్యాంకులో ప్రతి లావాదేవీకీ తెలుగులో చీటీ. మెషీనులో ఎంత కొట్టారో చదువురానివాళ్ళకి వినపడేలా చెప్పే గొంతు (టీకొట్టులో ఫోన్‌పే డబ్బా పది రూపాయలు పడినా అరుస్తుంది కదా, మన కూలి డబ్బులకి ఆ గొంతు లేదా?). వేళ్ళు అరిగిన జీడి కూలీలకి వేలు కాకుండా వేరే దారి. పలాస, టెక్కలి స్టేషన్లలో సైబరు ఫిర్యాదు రాసుకునే మనిషి. పింఛను ఆపితే ఫోనులో బెదిరించకుండా కాగితం మీద, కారణంతో నోటీసు. ఈ అయిదింటి మీద అర్జీ నమూనా సంఘం దగ్గర వుంది, అడిగి తీసుకోండి.

పేటకి ఇద్దరు కావాలి. ఒకరు తప్పకుండా ఆడమనిషి కావాలి, ఎందుకంటే ఫొటో గొడవలు, మొగుడికి చెప్పలేని గొడవలు ఆడమనిషికే చెప్పుకుంటారు. ఇంకొకరు ఫోను తెలిసిన కుర్రాడో పిల్లో. డబ్బు పోయినవాళ్ళు ముందు వీళ్ళ దగ్గరికి రావాలి, వీళ్ళు తిట్టకుండా 1930 కలపాలి. ఎవరికి ఎంత పోయింది, ఎలా పోయింది, బ్యాంకు ఏమంది, స్టేషన్ ఏమంది, ఒక నోటుపుస్తకంలో రాసి వుంచాలి, మనుషుల పేర్లు బయటపెట్టక్కర్లేదు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట వైపు పేటల నుంచి ఎవరిని ఎంచుకున్నారో నెలాఖరులోగా మాకు రాయండి. మిగతా మండలాలవాళ్ళు సంత రోజున మన కార్యకర్తలకి చెప్పినా చాలు.